మందు వేసుకున్నావా

ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. రాత్రి పట్టిన వాన అప్పుడే వెలిసింది. మబ్బు విడలేదు కానీ గాలి పూర్తిగా పడిపోయింది. గాలి పడిపోవడం వల్ల మేడ మీద వెదురుకు కట్టిన వైర్‌లెస్ తీగ కదలక, సెట్టులో మాట ఆ పూట గరగర లేకుండా, పక్కగదిలోంచి పలికినంత స్పష్టంగా వినిపించింది. మాకు అంత స్పష్టంగా వినిపించినది వినదలచుకున్న ఇతరులకూ అంతే స్పష్టంగా వినిపిస్తుంది.

మా ఆస్పత్రి యుద్ధానికి ముందు ఆడపిల్లల ఉన్నత పాఠశాల. నదికి ఇవతల ఉన్న ఆ ఊరు తిరుగుబాటుదారుల అధీనంలో ఉండేది. వంతెన, దాని రెండు కొసలు, అవతలి ఒడ్డు సైన్యం అధీనంలో ఉండేవి. మేము ఒక సహాయ సంస్థ తరఫున, ఎవరి పక్షమూ వహించకుండా, గాయపడ్డ పౌరులకు వైద్యం చేసేవాళ్లం. రసాయనశాస్త్ర ప్రయోగశాలకు గచ్చు నేల, నల్లరాతి బల్లలు, వరుసగా కొళాయిలు ఉన్నందువల్ల దాన్ని ఆపరేషన్ గది చేసుకున్నాం. ఎవరో విద్యార్థిని సగంలో వదిలేసిన సమీకరణాన్ని తుడిచివేయడానికి మనసొప్పక, నల్లబల్ల కింది భాగంలోనే రోగుల నాడి, జ్వరం రాసుకునేవాళ్లం. కోసేదాన్ని నేను. మత్తు ఇచ్చేది పెద్ద సిస్టరు. మత్తు ఇవ్వడం తెలిసిన మరో నర్సు టైఫాయిడ్‌తో అదే భవనంలో పడి ఉంది.

మందుల గోదాము అవతలి ఒడ్డున ఉండేది. అక్కడినుంచి సరుకు తెచ్చే వ్యాను డ్రైవరు పెద్ద సిస్టరుకు స్వయానా మరిది. వ్యానుకు హారను పనిచేయదు గనుక కిటికీలోంచి తల బయటపెట్టి తానే అరుస్తూ వచ్చేవాడు. అందువల్ల ఆస్పత్రిలో అందరూ అతన్ని హారన్ అనే పిలిచేవారు. తల్లి పోయేనాటికి అతను నిక్కర్లు తొడుక్కునే వయసువాడు. కొత్తగా కాపురానికి వచ్చిన వదిన అతనికి తల దువ్వి బడికి పంపింది. ఆమె భర్త యుద్ధం మొదటి ఏడాదిలోనే చనిపోయాడు. మిగిలింది వీళ్లిద్దరే.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. మన భాషలో రోగం కుదిర్చేది మందు. తాగి తూలేది మందు. పైరు మీద కొట్టేది మందు. తుపాకీలో కూరేదీ మందే. తిరుగుబాటుదారులు ఈ సౌకర్యాన్ని బాగా వాడుకున్నారు. సెట్టులో ఎవరు విన్నా వైద్యమే అనుకుంటారని, పేలుడు సామగ్రిని తరలించేటప్పుడు "మందు వచ్చింది", "మందు దించాం" అనుకునేవారు. సైన్యం ఆ సంగతి కనిపెట్టింది. అప్పటినుంచి ఆ మాట ఎవరి నోట వచ్చినా వాళ్లు చెవులు రిక్కించేవారు. అందుకని మా సంస్థ ఒక కట్టడి చేసింది: సెట్టులో మందు అనకూడదు, ఔషధం అనాలి. మత్తుమందు అనకూడదు, మత్తు ఔషధం అనాలి. ఆ కట్టడిని అందరూ నవ్వుకుంటూనే, తు.చ. తప్పకుండా పాటించారు.

ఆ ఉదయం మా అవసరం ఇది. వార్డులో ఒక దర్జీ ఆవిడ ఉంది. ఫిరంగి గుండు ముక్క ఎడమ పిక్కలో దిగబడగా, బయటికి రావడానికి వీల్లేక నేలమాళిగలో రోజుల తరబడి దాక్కుని, ఆలస్యంగా మా దగ్గరికి చేరింది. అప్పటికే పాదం నల్లబడింది. పిక్క మీద వేలితో నొక్కితే చర్మం కింద బుడగలు చిట్లుతున్న చప్పుడు. ఆ చప్పుడు తెల్లవారేసరికి మోకాలి దగ్గరికి వచ్చింది. మోకాలు దాటి తొడంతా పాకితే ఇక కోయడానికి చోటు ఉండదు. మత్తు లేకుండా కోస్తే ఉన్న నీరసానికి గుండె ఆగిపోతుంది. మత్తుమందు మా దగ్గర నిండుకుంది. అది హారన్ వ్యానులో రావాలి.

"డాక్టరమ్మా," అంది ఆవిడ, జ్వరంతో పెదవులు పగిలి ఉన్నా, "కొలత మాత్రం సరిగ్గా తీసుకుని కత్తెర పెట్టండి. ఒకసారి పొట్టిదైపోయాక మళ్లీ అతుకు వేస్తే అందం ఉండదు."

"మీ అంత చేయి తిరిగినదాన్ని కాదు గానీ, చెడగొట్టను లెండి," అన్నాను.

నేను కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ ఉండగా సెట్టు పలికింది. పెద్ద సిస్టరు అందుకుంది.

"బయల్దేరావా?"

"ఇదిగో, బండెక్కి కూర్చున్నా వదినా. ఔషధాలు, రక్తం ప్యాకెట్లు, మత్తు ఔషధం, అన్నీ ఎక్కాయి. ఈ ఔషధం, ఔషధం అనలేక నాలుక మెలిపడుతోంది. నాటకంలో రాజవైద్యుడి వేషం కట్టినట్టుంది."

"వాగింది చాలు. ఏమైనా తిన్నావా?"

"తిన్నా."

"కడుపులో మంట ఎలా ఉంది?"

"ఉంది, కొంచెం."

"మందు వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"నిజంగా?"

"నీ మీద ఒట్టు. ఇంకోటి దగ్గర పెట్టుకున్నా. వంతెన దగ్గర ఎలాగూ ఆపుతారుగా, అక్కడ వేసేస్తా."

"మర్చిపోకు."

"నువ్వు చెప్పాక మర్చిపోతానా?"

సెట్టు కట్టేసి ఆమె పరికరాలు మరగబెట్టడానికి వెళ్లింది. తాను కట్టడిని ఉల్లంఘించానని ఆమెకు తెలియదు. కట్టడి సరుకు గురించినది. మరిది కడుపులో పుండు, దానికి పూటపూటా వేసుకోవలసిన మాత్ర, తిన్నావా అని అడిగిన నోటితోనే అడిగే ప్రశ్న. అవి ఆమె లెక్కలో ఇంటి విషయాలు, ఆస్పత్రి విషయాలు కావు. ఔషధం వేసుకున్నావా అని మన ఇళ్లలో ఎవరూ ఎవరినీ అడగరు.

వ్యాను రావలసిన వేళకు రాలేదు. దానికి బదులు సెట్టులో ఒక మగ గొంతు, తొందర లేకుండా, పలికింది. "మీ బండి వంతెన దగ్గర ఆపాం. ఇందాక మాట్లాడిన ఆడమనిషి ఇక్కడికి రావాలి."

సరుకు విడిపించుకోవాలంటే దానిలో ఏది ఏమిటో చెప్పగలిగినవాళ్లు ఉండాలి గనుక నేనూ బయల్దేరాను. సెలైను సీసా తగిలించే కర్రకు తెల్లటి దిండు గలీబు కట్టి పైకెత్తి పట్టుకుని, రోడ్డు నడిమధ్యనే నడిచాం. గోడల నీడన నడిచేవాళ్లనే కాల్చేవారు. దుకాణాల ఇనుప తలుపులు జల్లెడలా ఉన్నాయి. గుండ్లు పడ్డ గుంతల్లో వాననీరు నిలిచి ఉంది. తెగి వేలాడుతున్న కరెంటు తీగల కింద వంగి దాటుతూ ఆమె అంది:

"ఏ టైరో పగిలి ఉంటుంది. లేకపోతే నోటిదురుసుతో ఏదో వాగి ఉంటాడు. వాడి నోరు వాడికి శత్రువు డాక్టరుగారూ. చిన్నప్పుడు బళ్లో కూడా అంతే. నేను వెళ్లి బతిమాలితే గానీ మాస్టరు గోడకుర్చీ దించేవాడు కాదు."

"ఈ మాస్టర్నీ బతిమాలదాం," అన్నాను.

వంతెన ఈ కొసన, పూర్వం వాహనాల దగ్గర సుంకం వసూలు చేసిన గదిలో సైన్యం కాపలా ఉండేది. కిటికీలకు అద్దాలు పోయి ప్లాస్టిక్ పట్టాలు కట్టారు. గది బయట వ్యాను నిలిచి ఉంది, తలుపులన్నీ బార్లా తెరిచి, సీట్ల మెత్తలు చీల్చి. హారన్ తడినేల మీద కూర్చుని ఉన్నాడు. చేతులు వెనక్కి విరిచి కట్టారు. కాళ్లకు చెప్పులు లేవు, చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. మమ్మల్ని చూసి నవ్వబోయి, పెదవి చిట్లి ఉండడంతో మానుకున్నాడు.

లోపలున్న అధికారి పడుచువాడు, మర్యాదస్తుడు. నాకు కుర్చీ చూపించాడు. తర్వాత ఒక కాగితం తీసి, మా సెట్టులో నడిచిన మాటలను ఒక్కొక్కటిగా, ఏ స్వరమూ లేకుండా చదివాడు. "మంట ఎలా ఉంది. ఉంది, కొంచెం. మందు వేసుకున్నావా. వేసుకున్నా. ఇంకోటి దగ్గర పెట్టుకున్నా. వంతెన దగ్గర వేసేస్తా. మర్చిపోకు."

ఆ మాటలు పొద్దున నా చెవినా పడ్డాయి. అప్పుడు నాకు వాటిలో ఒక ఇల్లు వినిపించింది. ఇప్పుడు ఆ గదిలో, ఆ క్రమంలో, వంతెన పేల్చివేత వినిపించింది. ఒక్క మాట కూడా అధికారి మార్చలేదు.

"వదిన అంటే ఎవరు?" అన్నాడు.

"నేనే," అంది పెద్ద సిస్టరు.

"మారుపేరా?"

"మారుపేరేంటి నాయనా! వీడి అన్నని కట్టుకున్నాను. వదిన్ని కాక పిన్నినవుతానా?"

గుమ్మం దగ్గరి సిపాయి కిసుక్కుమన్నాడు. అధికారి అటు చూడగానే మూతి బిగించాడు.

"కడుపులో పుండు బాబూ వాడికి. పూటకు రెండు మాత్రలు, గంట తేడాతో వేసుకోవాలి. వేసుకున్నావా అని అడిగా. అంతే. మీ ఇంట్లో మిమ్మల్ని అడగరా?"

"అడుగుతారు," అన్నాడు అతను. "ఇంకోటి దగ్గర ఉందన్నాడు కదా. ఆ మాత్ర చూపించండి, చాలు."

ఆమె ముఖం తేటపడింది. "వాడి జేబులోనే ఉంటుంది."

"జేబులు చూశాం. బండి చూశాం. చెప్పుల అట్టలు కూడా కోసి చూశాం. ఎక్కడా మాత్ర లేదమ్మా."

ఆమె గుమ్మంలోకి వెళ్లింది. "ఒరేయ్, మాత్ర ఏదిరా?"

అతను తల ఎత్తలేదు.

"నిన్నేరా అడుగుతున్నది."

"అయిపోయాయి వదినా."

"ఎప్పుడు?"

"పోయిన నెలే. గోదాములోనూ లేవు."

"మరి పొద్దున వేసుకున్నానన్నావు? రోజూ వేసుకున్నాననే అంటున్నావు కదరా!"

"లేవంటే నువ్వు బెంగ పెట్టుకుంటావు. ఉన్న తిండి మానేసి, మాత్రల కోసం ఊరంతా తిరుగుతావు. ఎందుకొచ్చిందని."

"నా మీద ఒట్టేశావు."

"నీకేమవుతుందో అని భయపడుతూనే వేశా. నీకేం కాలేదు చూడు, నాకే అయింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. లేవు అని ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే ఆ సంభాషణలో అనుమానించడానికి ఏమీ మిగిలేది కాదు. వదిన బెంగపడకూడదని అతను లేని వస్తువును ఉందన్నాడు. పైగా దాన్ని వంతెన దగ్గర పెట్టాడు. ఇప్పుడు అధికారి ఆ లేని వస్తువు కోసం వెతుకుతున్నాడు. అతను మూర్ఖుడు కాడు. ఆ నెలలోనే, అలాంటి మాటలనే వైద్యమనుకుని వదిలేసినందుకు, అతని మనుషులు ఒక కల్వర్టు దగ్గర పేలుడులో చనిపోయారు.

"మీరు అబద్ధమాడుతున్నారని నేననను," అన్నాడు. "కానీ మాత్ర ఉందన్నాడు, లేదు. మందు ఉందన్నాడు, అది ఏ మందో చూపించలేకపోతున్నాడు. పైవాళ్లకి నేనేమని చెప్పను?"

బయట ఒక సిపాయి పెట్టెల సీళ్లు కత్తితో చీల్చబోతుంటే నేను పరుగున వెళ్లి అడ్డుపడ్డాను. సీలు విప్పితే లోపలి పరికరాలు ఆ క్షణాన్నుంచి వట్టి ఇనప ముక్కలని, రక్తం మంచులోంచి తీస్తే పాడవుతుందని చెప్పాను. అధికారి విన్నాడు. విప్పగలిగినవాటిని నా చేతులతోనే విప్పించి చూశాడు. తర్వాత పెట్టెలన్నీ తీసుకువెళ్లవచ్చునన్నాడు.

"మావాడు?" అంది ఆమె.

"అతను ఉండాలి. పన్నెండు గంటలకి పై అధికారి వస్తారు. సెట్టులో గొంతు మీదేనని, విషయం ఇదని, ఇప్పుడు నాతో చెప్పినట్టే ఆయన ఎదుట చెప్పండి. నమ్ముతారనే అనుకుంటున్నా. మీరు లేకపోతే ట్రక్కులో విచారణ శిబిరానికి తీసుకుపోతారు. అక్కడికి వెళ్లాక నా చేతిలో ఏమీ ఉండదు."

ఆమె నా వైపు తిరిగింది. ఏమడగబోతోందో నాకు తెలుసు.

"దర్జీ ఆవిడ కాలు, మధ్యాహ్నం దాకా ఆగుతుందా?"

తెల్లవారుజామున ఆ చప్పుడు ఎక్కడ ఉందో, మేము బయల్దేరేటప్పుడు ఎక్కడికి వచ్చిందో పోల్చి చూసుకున్నాను.

"ఆగదు," అన్నాను.

"మీరొక్కరే చేయలేరా? మత్తు పాళ్లు నేను చెబుతాను, రాసుకోండి."

"సూది పొడవగలను. కోస్తూ ఊపిరి కనిపెట్టుకుని ఉండలేను. అది నీకూ తెలుసు."

ఆమెకు తెలుసు. ఒకసారి అలా ప్రయత్నించి, నేను రక్తనాళం ముడివేసే లోపల రోగి ఊపిరి ఆగిపోవడం ఇద్దరం చూశాం. ఆమె అధికారితో, పెద్దాయన్ని సాయంత్రం దాకా ఆపగలరా అని అడిగింది. అది తన తరం కాదన్నాడు. తన మాటలు కాగితం మీద రాసి సంతకం పెడితే చాలదా అంది. మనిషి కావాలన్నాడు. ఇక అడగడానికి ఏమీ మిగలక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు, కొంగు రెండు చేతుల్లోకీ తీసుకుని నలపసాగింది.

హారన్ కింద కూర్చున్నచోటి నుంచే అంతా విన్నాడు.

"వదినా, ఇలా రా."

ఆమె వెళ్లి అతని ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది.

"ఆ దర్జీ ఆవిడ నా చొక్కాకి గుండీలు కుట్టి పెడతానంది. ఆవిడ చచ్చిపోతే ఎవరు కుడతారు? నువ్వు కుడితే గుండీ ఒకచోట, కాజా ఒకచోట."

"నోర్ముయ్యరా."

"నిజం చెబుతున్నా. నన్నేం చేస్తారు? రెండు తన్ని, వీడొట్టి వాగుడుకాయ అని వదిలేస్తారు. పో. ఎండెక్కితే రక్తం పాడైపోద్ది." తర్వాత చుట్టూ నిలబడ్డ సిపాయిల్ని ఒకసారి చూసి, గొంతు పెంచి, "మందు జాగ్రత్తగా తీసుకెళ్లు," అన్నాడు.

ఆమె కొంగుతో అతని పెదవి మీది నెత్తురు తుడిచింది. లేచి, వ్యాను ఎక్కి కూర్చుంది. నేను నడిపాను. ఆస్పత్రి చేరేవరకూ ఆమె ఐస్ డబ్బా మూతను రెండు చేతులతో అదిమి పట్టుకునే ఉంది.

తొడ మధ్యభాగాన కోశాను. పైన కండ ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది. అంటే వేళకే కోశాం. రోగి రెండుసార్లు ఊపిరి బిగబట్టింది. రెండుసార్లూ పెద్ద సిస్టరు, నేను తల ఎత్తకముందే, దవడ పైకెత్తి దారి చేసింది. కిటికీ వంతెన వైపే ఉంది. ఆమె అటు చూడలేదు. నేను చివరి కుట్టు వేశాక, నాడి తీసి, "నిలకడగా ఉంది," అని చెప్పి, నల్లబల్ల మీద అంకె రాసింది. అప్పుడు ఆప్రాను కూడా విప్పకుండా, దిండు గలీబు కట్టిన కర్ర తీసుకుని బయటికి నడిచింది.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఏమైందని అడగవలసిన అవసరం ఆమె ఉంచలేదు. మెట్ల మీద కూర్చుని, తనకు అధికారి చెప్పినదాన్ని వరుసగా చెప్పింది. పై అధికారి చెప్పిన వేళకే వచ్చాడు. పడుచు అధికారి మాత్ర సంగతి, కడుపులో పుండు సంగతి చెప్పి, మరిది పక్షానే మాట్లాడాడు. ఆయన ఓపిగ్గా విని, ఆ వదిన ఎక్కడ అని అడిగాడు. వచ్చింది, ఆస్పత్రిలో పని ఉందని వెళ్లిపోయింది అన్నాడు ఇతను.

"దానికాయన ఏమన్నాడట?" అన్నాను.

"నిజంగా వదినే అయితే మరిదిని ఇలా వదిలేసి పోతుందా, అన్నాడట. ఇది వదినా కాదు, అది మాత్రా కాదు, రెండూ మారుపేర్లే అన్నాడట. ట్రక్కు ఎక్కించేశారు."

ఆమె ఏడవలేదు. "ఆయన అన్నదాంట్లో తప్పేముంది?" అంది. "ఎవరు విన్నా అలాగే అనుకుంటారు." లోపలినుంచి దర్జీ ఆవిడ మూలుగు వినిపించింది. మత్తు దిగుతోంది. ఆమె చీర దులుపుకుని లేచి వెళ్లింది.

నేను గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాను. దర్జీ ఆవిడ కళ్లు సగం తెరిచి, "ఎంత తీశారు?" అంటోంది.

"తొడ సగం దాకా. చక్కగా వచ్చింది," అంది పెద్ద సిస్టరు.

"హారన్ వచ్చాడా? అరుపు వినపడలేదే."

"బండి వచ్చిందిగా. నువ్వు మాట్లాడకు. ఊపిరి గట్టిగా తీసుకో."

మరునాడు, ఆ మరునాడు కూడా ఆమె వంతెన దగ్గరికి వెళ్లింది. మా సంస్థ పెద్దలు రాజధానికి ఫిర్యాదులు పంపారు. విచారణ శిబిరంలో ఆ మనిషే లేడని మొదటి జవాబు వచ్చింది. ఉన్నాడు గానీ చూడనివ్వరని రెండోది వచ్చింది. ఆమె ఆస్పత్రి పని మానలేదు. సెట్టు మాత్రం మళ్లీ ముట్టుకోలేదు.

అతను ఆరేళ్ల తర్వాత, ఖైదీల మార్పిడిలో విడుదలయ్యాడు. ఇప్పుడు మరో ఊళ్లో తాళాలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు; వదిన అతనితోనే ఉంటుంది. అతనికి ఎడమ చెవి వినపడదు.